మెడలో పెట్టే చెవి

“గొంతు కోస్తారు, చూస్తూ ఊరుకో. లోపల ఏం పెడుతున్నారో అది పట్టుకో,” అన్నాడు చీఫ్.

ఫోటోలో ఉన్నది క్షిపణుల కోడ్ రాసే సైంటిస్టు. కారు ప్రమాదంలో ఆయన మెడలో అయిదో పూస నుజ్జయింది. దాన్ని తీసేసి, ఆ ఖాళీలో టైటానియం జాలీ గొట్టం నిలబెట్టి, ప్లేటూ స్క్రూలూ బిగిస్తారు. ఆ సామాన్లలో ఎక్కడో విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్ దాచింది. రేపు ఆయన దాన్ని మోసుకుంటూ రహస్య సమావేశాలకు వెళతాడు. గేటు దగ్గర డిటెక్టర్ కుయ్యిమంటే ఆసుపత్రి సర్టిఫికెట్ చూపిస్తాడు. సెల్యూట్ కొట్టి మరీ లోపలికి పంపుతారు.

ఏజెంటు ఫోటోను బల్లమీద పడేశాడు. ఛీ, చచ్చిబతికినవాడి మెడను కూడా వదలరు! అతని మెడలోనూ అలాంటి ప్లేటే ఉంది, పాత మిషన్ బహుమతి. అందుకే ఆఫీసులో అందరికీ అతను కొయ్యమెడ.

ఎక్స్‌రే టెక్నీషియన్ వేషంలో, సీసపు ఏప్రన్ కింద పిస్టల్‌తో థియేటర్లో నిలబడ్డాడు. డ్రిల్లు కింద ఎముక కమురు కంపు. దానిమీద ఖరీదైన సెంటు. అది ఇంప్లాంట్ కంపెనీ సుందరిది. ముఠాలో చేరి చీఫ్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు.

“స్క్రూల్లో ఉంది బావా,” అని గొణిగింది.

స్క్రూల పెట్టెను ఎక్స్‌రే కింద పెట్టి చూశాడు. ఏమీ లేదు.

సర్జన్ పట్టకారుతో గొట్టం అందుకున్నాడు. అప్పుడు నర్సు చేతిలోని గిన్నె కొయ్యమెడ కంటబడింది. రోగి మెడలోంచి తీసిన ఎముక ముక్కలు, నిండుగా. వాటినే ఆ గొట్టంలో కూరాలి. తన ఆపరేషనప్పుడు డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు.

“ఆగండి! మరి ఆ ముక్కలెవరికి?”

“అక్కర్లేదయ్యా,” అన్నాడు సర్జన్. “గొట్టాన్ని కృత్రిమ ఎముకతో నింపే పంపారు. టైం కలిసొస్తుందని ఈ కంపెనీ మేడమే ఇచ్చింది.”

సుందరి తలుపువైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగుకు పిస్టల్ అడ్డొచ్చింది.

“ఎక్కడికి మరదలా?”

సర్జన్ గొట్టంలో ఉన్నదాన్ని ట్రేలోకి పొడిచి తోశాడు. తెల్లటి ముద్ద, దాని మధ్య బియ్యపుగింజంత యంత్రం. చెమట తుడిపించుకుని, కొత్త గొట్టం తీయించి, గిన్నె కోసం చేయి చాచాడు.

బయట కారిడార్లో చీఫ్ కొయ్యమెడ చేతిలోని యంత్రాన్ని చూసి ముచ్చటపడ్డాడు. “భద్రంగా తీసుకురా. వాళ్ళ దేశపు సైంటిస్టొకడికీ మెడనొప్పి ఉందట. అర్థమైందా? తలూపు.”

కొయ్యమెడ యంత్రాన్ని కింద పడేసి బూటు మడమతో తొక్కాడు. పటుక్కుమంది.

“ఊగదు సార్. ప్లేటుంది.”