తొండం ముందుకు చాచిన ఈగ

“మీ తమ్ముడు ఇక లేడయ్యా,” అన్నాడు చీఫ్, ఫోటోను స్క్రీన్ మీద పెడుతూ.

ఏజెంట్ ఇలెవెన్ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని ఈగల మాస్టారు అంటారు. ఫోటోలో వాలిన ఈగను బట్టి అది ఎక్కడ తీసిందో చెప్పడం అతని పని. తమ్ముడూ ఏజెంటే. విదేశీ ముఠా చేతికి చిక్కి మూడు రోజులైంది. అనుమానమున్న అడ్డాలు రెండు: రేవులో చేపల గోడౌన్, ఊరి చివర గుర్రపుశాల. తప్పు తలుపు తడితే వాణ్ణి చంపేస్తారని ఎవరూ కదల్లేదు.

ఫోటోలో సిమెంటు నేల, మూసిన కళ్ళు, చెంప మీద ఒక ఈగ.

ఆ ఫోటో తెచ్చింది మేడమ్. ముఠాలో ఉంటూ వీళ్ళకు రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ఎర్ర స్కర్టు, ఎత్తు మడమల చెప్పులు, గదంతా సెంటు వాసన.

“గోడౌన్‌లో పడేశారు. ఈగలు ముసురుతున్నాయి, పాపం. త్వరగా తెచ్చేసుకోండి,” అంటూ కాలు మీద కాలేసుకుని పిక్క గోక్కుంది.

“పన్నెండు మంది బయల్దేరారు. తొమ్మిది నిమిషాల్లో లోపలికెళ్తారు,” అన్నాడు చీఫ్.

మాస్టారు ఏడుపు దిగమింగి ఈగను పెద్దది చేశాడు. చేతులకు తెలిసిన పని అదొక్కటే. వీపు మీద నాలుగు నల్ల చారలు. ఇంటి ఈగే అనుకున్నాడు. కానీ ఇంటి ఈగకు రెక్కలో నరం చివర చటుక్కున మడత తిరుగుతుంది. దీనికి మెల్లగా వంగింది. ఇంటి ఈగ తొండం మెత్తగా కిందికి వేలాడుతుంది. దీనిది సూదిలా ముందుకు పొడుచుకొచ్చింది. పొట్ట ఎర్రగా ఉబ్బి ఉంది.

అతను చీఫ్ వైపు తలెత్తాడు.

“సార్, ఇది శవాల మీద ముసిరే రకం కాదు. బతికున్న ఒంట్లోంచి రక్తం తాగే ఈగ. కడుపు నిండా తాగింది. మావాడు బతికే ఉన్నాడు!”

“గోడౌన్‌లోనా?”

“కుళ్ళిన గడ్డి, పేడ ఉన్నచోట పుడతాయివి. గుర్రపుశాల సార్! శవం పేరు చెప్పి మనవాళ్ళందర్నీ ఒకే గదిలోకి రప్పిస్తున్నారు.” మేడమ్ వైపు తిరిగాడు. “ఇవి ఎక్కువగా కాళ్ళ మీదే కుడతాయి మేడమ్. మీ పిక్క మీద ఎన్ని దద్దుర్లున్నాయి?”

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత ఊడితే లోపల సన్నటి తుపాకీ గొట్టం. చీఫ్ బల్లను ఆమె మీదికి తోసేశాడు. గుండు గోడలో దిగింది. చీఫ్ ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

మాస్టారు వైర్‌లెస్ లాక్కున్నాడు. “తలుపు తియ్యకండి! వెనక్కి రండి!”

కాసేపు గరగర. తర్వాత ఒక గొంతు వినిపించింది. “చెయ్యి గొళ్ళెం మీదే ఉంది సార్. సందులోంచి చూస్తే లోపల్నుంచి తీగ కట్టారు... బాంబు.”

గుర్రపుశాలలో తమ్ముడు దొరికాడు. మత్తు ఇంజెక్షన్లు, విరిగిన పక్కటెముకలు. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. ఆస్పత్రిలో వాడు కళ్ళు తెరిచినప్పుడు ఆ చేతినే పట్టుకుని మాస్టారు వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఆఫీసులో ఈగలు తోలుకుంటావని నిన్నెంత ఏడిపించానన్నయ్యా,” అన్నాడు తమ్ముడు.

“ఇంకా ఏడిపించరా. ఎంతైనా ఏడిపించు.”

మంచం అంచున ఈగ వాలింది. నర్సు పేపరు మడిచి చెయ్యెత్తింది.

“ఒక్క క్షణం ఆగమ్మా,” అన్నాడు మాస్టారు కళ్ళజోడు సర్దుకుంటూ. “ముందు దాని వాంగ్మూలం తీసుకోనీ.”