వెనక్కి తిరిగిన ఓడ

"ఇది యుద్ధమా, బస్టాండా?"

ఆ మాటకి గదిలో బల్ల చుట్టూ వంగి ఉన్న వాళ్ళంతా తలలెత్తారు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి తడిసిన గొడుగు ముడుస్తూ నిలబడి ఉంది.

"ఎవరండీ మీరు?" అన్నాడు కెప్టెన్, కాస్త పెడసరంగానే.

కెప్టెన్ అంటే నిజం కెప్టెన్ కాదు. వారంలో ఆరు రోజులు ఒక ల్యాబులో కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. ఏడో రోజు పుస్తకాల షాపు పైగదిలో బల్ల మీద నల్లగుడ్డ పరిచి, బొటనవేలంత అంతరిక్ష నౌకలతో యుద్ధాలు చేస్తాడు. క్లబ్బులో అందరూ వాటిని ఓడలే అంటారు. పళ్ళకి రంగు సరిపెట్టే సన్న బ్రష్షుతోనే ఆ ఓడలన్నిటికీ తనే రంగులు వేశాడు.

"లెక్కల మాస్టారి చెల్లెల్ని. అన్నయ్య మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు కదలకూడదట. పోటీలో తన మూడు ఓడలూ నన్ను ఆడమన్నాడు."

జట్టుకి నలుగురు. మాస్టారు అందులో నాలుగో మనిషి. కెప్టెన్‌కి నీరసం వచ్చింది.

"మీకు ఆట వచ్చా?"

"మా అన్నయ్య ఇంట్లో మాట్లాడేది దీని గురించే. రాకపోతే ఎక్కడికి పోతుంది?"

ఆట పెద్ద కష్టమేం కాదు. ఎవరి ఓడ ఎటు పోవాలో ప్రతి రౌండుకీ ముందే ఒక చిన్న చక్రం మీద రహస్యంగా తిప్పిపెట్టుకోవాలి. తర్వాత చక్రాలు తెరిచి, ఓడల మీదున్న నంబర్ల వరసలో వాటిని జరపాలి. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు చివర. దారిలో ఇంకో ఓడ తగిలితే అక్కడే ఆగిపోవాలి, ఆ రౌండుకి కాల్చడానికి లేదు. మూడేసి ఓడలతో ఆడుకున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. అటు పన్నెండు ఇటు పన్నెండు దిగాయంటే తిప్పలు మొదలవుతాయి. ఇప్పుడు కెప్టెన్ వైపు ఓడలు అయిదు ఒకదాని వీపు ఒకటి గుద్దుకుని, కాల్చలేక బిక్కమొహం వేసుకుని ఉన్నాయి.

"పెద్ద నంబర్లన్నీ ముందు వరసలో ఎందుకు పెట్టారు?" అందామె.

"బలమైనవి కాబట్టి."

"అవి చివర కదుల్తాయి కదండీ! వెనకున్న చిన్నవి ముందు కదిలి వెళ్ళి వాటికే గుద్దుకుంటున్నాయి. ముందు కదిలేవి ముందుండాలి. ఎదర బండి కదలకుండా వెనక బండికి సిగ్నలిస్తారా ఎవరైనా?"

"మీరేం చేస్తుంటారు?"

"రైల్వే కంట్రోల్ రూములో పని. ఒక పూటకి నలభై రైళ్ళు చూస్తాను."

జట్టులో ఇంకో మనిషి, మందుల షాపాయన, కిసుక్కున నవ్వాడు. "కెప్టెనూ, కాస్త జరిగి అమ్మాయికి కుర్చీ వెయ్యి."

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ కుర్చీ వేశాడు.

పక్కూరి జట్టుతో పోటీకి ఇంకా నాలుగు ఆదివారాలున్నాయి. మూడేళ్ళుగా వాళ్ళ చేతిలో ఓడిపోతున్నారు. ఆరు రౌండ్లు అయ్యేసరికి బల్ల మధ్యనున్న గుండ్రటి స్టేషన్ ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళదే గెలుపు.

ఆ నాలుగు వారాలూ ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.

"మీ పన్నెండు ఓడలూ వాళ్ళ పన్నెండింటి మీదా కాలుస్తున్నాయి. అన్నిటికీ గీతలు పడ్డాయి, ఒక్కటీ పోలేదు. ముందు ఒకదాన్ని పట్టుకోండి. అది పోయాక రెండోది."

"చూడ్డానికి ఏం బాగుంటుందండీ, పన్నెండు కలిసి ఒకదాని మీద పడితే?"

"ఓడిపోవడం బాగుంటుందా చూడ్డానికి?"

కెప్టెన్ బుర్ర గోక్కున్నాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగితే, బయట వాన కూడా ఆమె పక్షమే అన్నట్టు ఒక్కసారిగా జోరందుకుంది. బస్సు దొరకదన్న వంకతో ఇంకో గంట ఆడారు. ఆ తర్వాత ఆదివారం వాన లేదు. అయినా బస్సు దొరకలేదు.

చివరికి ప్లాను ఆమే వేసింది. తన మూడు ఓడలు ఎడంపక్క విడిగా నిలబడి, శత్రువుల్లో అయిదారింటిని తమవైపు లాగుతాయి. మిగిలిన తొమ్మిదీ ఆ లోపల స్టేషన్ పట్టుకోవాలి.

"మీ మూడూ పోతాయి" అన్నాడు కెప్టెన్.

"పోనివ్వండి. అయిదో రౌండు దాకా నిలబెడతాను. అది చాలు. మీరు మాత్రం వెనక్కి చూడొద్దు."

"చూడను."

పోటీ రోజు మొదటి రెండు రౌండ్లూ అనుకున్నట్టే జరిగాయి. ఆరు శత్రు ఓడలు ఎడంపక్కకి తిరిగాయి. మూడో రౌండులో ఆమె ఓడలు రెండు పేలిపోయాయి. మిగిలిన ఒక్కదాని చుట్టూ నాలుగు మూగాయి. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పెదవులు బిగించి బల్లకేసి చూస్తోంది.

కెప్టెన్ ఆ మొహం చూశాడు. ఎదురుగా స్టేషన్ మూడంగుళాల దూరంలో ఉంది. చక్రం తిప్పాడు.

తెరిచినప్పుడు అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. అతని మూడు ఓడలూ వెనక్కి తిరిగాయి. వెనకే వస్తున్న మందుల షాపాయన ఓడలకి అడ్డంపడ్డాయి. అన్నీ అక్కడికక్కడే ఆగిపోయాయి. ఆరో రౌండు అయ్యేసరికి స్టేషన్ పక్కూరివాళ్ళది అయిపోయింది.

ఆట ముగిశాక ఆమె గొడుగు తీసుకుని మెట్లు దిగింది. కెప్టెన్ వెనకే పరిగెత్తాడు.

"ఏవండీ, ఒక్క నిమిషం..."

"నేను కాపాడమన్నానా మిమ్మల్ని?" అని వెనక్కి చూడకుండానే వానలోకి నడిచింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కెప్టెన్ ల్యాబులో ఒకావిడ ముందుపన్నుకి రెండుసార్లు తప్పు రంగు వేశాడు. మూడోసారి ఓనరు, "నాయనా, నీకు ఒంట్లో బాగాలేదా, మనసు బాగాలేదా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్ళాడు.

తలుపు వాళ్ళమ్మగారు తీశారు. మాస్టారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. "నన్ను చూడ్డానికే వచ్చావని చెప్పు, నమ్ముతాను" అన్నాడు. ఈలోగా ఆమె డ్యూటీ నుంచి వచ్చింది. అతన్ని చూసి, విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది.

ఇద్దరూ వరండాలో నిలబడ్డారు.

"నా మూలంగా ఓడిపోయాం. ఆ మాట చెప్దామనే వచ్చాను."

"ఓడిపోయినందుకు కాదు నా కోపం." ఆమె గొంతు తగ్గించింది. "మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు. మంచివాడే. రెండు బళ్ళు కాస్త దగ్గరపడ్డాయంటే చాలు, 'అమ్మా, నువ్వు జరుగు, నేను చూస్తా' అంటాడు. మూడేళ్ళ నుంచీ అంతే. ఒక్కసారి కూడా నా చేత తప్పు జరగలేదు. అయినా జరుగు అంటాడు. మీ బల్ల దగ్గర మాత్రం నన్నెవరూ జరగమనలేదు. అందుకే ప్రతి వారం వచ్చాను. అలాంటిది మీరు కూడా..."

కెప్టెన్ తలొంచుకున్నాడు. ఏవేవో సర్దుబాటు మాటలు నాలుక చివర దాకా వచ్చాయి. మింగేశాడు.

"మీ చేత కాదని కాదండీ తిరిగింది. మీ మొహం చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ ఓడ పోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. అది నా బలహీనత. దాన్ని తెచ్చి మీ నెత్తిన పెట్టాను. తప్పే."

ఆమె వరండా స్తంభానికి ఆనుకుంది.

"అది ప్లాస్టిక్ ఓడండీ" అంది.

"తెలుసు."

"తెలిసేనా?" అంది. ఈసారి గొంతులో కోపం లేదు.

పక్కూరివాళ్ళు మళ్ళీ ఆడదామంటే మర్యాదగానే ఒప్పుకున్నారు. మాస్టారు కర్ర ఊతంగా వచ్చాడు కానీ, తన చోటు చెల్లెలికే వదిలి గోడపక్కన కూర్చున్నాడు. ఈసారి వాళ్ళు ఎడంపక్కకి ఏకంగా ఏడు ఓడలు పంపారు. నాలుగో రౌండుకి ఆమెకి ఒక్కటి మిగిలింది. అదీ కుడిరెక్క పోయి కుంటుతోంది.

కెప్టెన్ చెయ్యి చక్రం మీద ఉంది. ఆమెవైపు చూడాలని మెడ లాగేస్తోంది. చూడలేదు. తిన్నగా, ముందుకి అని పెట్టాడు.

ఆమె ఆ కుంటి ఓడని రెండు శత్రు ఓడల సందులోంచి దూర్చింది. దాన్ని పట్టుకోవాలని వెనక వస్తున్నవి ఆ రెండింటినే గుద్దుకుని ఆగాయి. ఏడింటిలో అయిదు ఆ రౌండు కాల్చలేకపోయాయి. "అబ్బ!" అన్నాడు పక్కూరి జట్టు పెద్దాయన మనస్ఫూర్తిగా. అయిదో రౌండులో ఆమె ఓడ పేలింది. అప్పటికి స్టేషన్ చుట్టూ కెప్టెన్ జట్టువే ఆరు ఓడలున్నాయి.

ఆరో రౌండూ అయ్యాక, గెలిచిన సంబరంలో గదంతా గోలగోలగా ఉంది. ఆ గోలలోనే కెప్టెన్ ఆమె పక్కకి వచ్చాడు.

"మీకు ఇష్టమైతే మీ అమ్మగారితో మాట్లాడతానండీ."

"ఆట గురించా?"

"కాదు."

"మరి దేని గురించి?" ఆమె కళ్ళు నవ్వుతున్నాయి.

"మీరంటే నాకు చాలా ఇష్టం. దాని గురించి."

గోడపక్కనుంచి మాస్టారు, "గట్టిగా చెప్పవయ్యా, ఇక్కడికి వినపడ్డం లేదు" అన్నాడు.

ఆమె అన్నయ్యని ఉరిమి చూసి, ఇటు తిరిగింది. "మా అమ్మతో నేనే మాట్లాడతాను. మీరు పక్కన కూర్చోండి. మధ్యలో అందుకోకూడదు."

మర్నాడు ఉదయం ఆమె తల్లికి ఎదురుగా కూర్చుని, వాన రోజు నుంచి నిన్నటిదాకా ఏదీ దాచకుండా చెప్పింది. కెప్టెన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా విన్నాడు. అంతా అయ్యాక ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అతనికేసి చూశారు.

"నీకేం చెప్పాలని లేదా బాబూ?"

"తను చెప్పిందంతా నిజమేనండీ."

ఆవిడ నవ్వేశారు. కూతురు తల దించుకుని కొంగు చివర దారం లాగుతోంది. అంతసేపు ధైర్యంగా మాట్లాడిన మనిషికి ఇప్పుడు ఎక్కడలేని సిగ్గూ వచ్చింది.

"వచ్చే ఆదివారం మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకురా" అన్నారావిడ. "పొద్దున్నే రండి. మధ్యాహ్నం మీ యుద్ధానికి ఆలస్యం కాకుండా పంపిస్తాను."