శ్రీలేఖ చేసే పని

పోశవ్వ రొమ్ములో గడ్డ చంక దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పి రెండు గంటలయింది. గోదావరిఖనిలో తమ్ముడి క్వార్టర్లో పోశవ్వ మంచం మీద కూర్చుంది. పక్కన మేనకోడలు శ్రీలేఖ రిపోర్టులు చదువుతోంది. శ్రీలేఖ తల్లి పూలమ్మ వంటగది గడప దాటి రాలేదు.

"ఎప్పటిసంది అత్తా?"

"పోయిన బతుకమ్మకు ముందటిసంది."

"ఏడాది దాటింది. నాకొక్క మాట చెప్తే ఏమాయె?"

"నీకేం ఎరుక బిడ్డా? బ్యాంకుల కంప్యూటర్ పని చేస్తవని మీ అమ్మ చెప్పింది గద."

పూలమ్మ తల దించుకుంది...

శ్రీలేఖ హైదరాబాద్‌లో చేసేది పరిశోధన. ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపు అవే జన్యువులుంటాయి. ఏ భాగంలో ఏవి పనిచేస్తాయన్నదే తేడా. రొమ్ములోనే ఎక్కువగా పనిచేసేవి ఏవి, వాటిలో క్యాన్సర్‌ను పట్టిచ్చేవి ఏవి అని వేల మంది ఆడవాళ్ల నమూనాల వివరాలు కంప్యూటర్లో వేసి వెతుకుతుంది. అందులో ఒక్క మాట పూలమ్మ నోట రాలేదు. పోయిన బతుకమ్మ పేరుస్తూ వాడకట్టు ఆడవాళ్లు శ్రీలేఖ పనేంటని అడిగితే, కూతురు నోరు తెరిచేలోపే బ్యాంకు అనేసింది. ఆ సాయంత్రమే పోశవ్వ వంటగదిలోకి వచ్చి, హైదరాబాద్‌లో శ్రీలేఖకు తెలిసిన ఆడ డాక్టరు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎందుకని పూలమ్మ అడగలేదు. బ్యాంకులో డాక్టర్లుంటారా అని నవ్వింది. పోశవ్వా నవ్వి, తన ఊరు కమాన్‌పూర్ బస్సెక్కి వెళ్లిపోయింది...

శ్రీలేఖ తల్లి వైపు చూసింది.

పూలమ్మ వచ్చి ఆడపడుచు కాళ్ల దగ్గర కూలబడింది. "అబద్ధం చెప్పిన వదినె. నా బిడ్డ చేసేది గీ రోగం మీదనే. నలుగుర్ల ఆ మాట అనాల్నంటే సిగ్గయింది. నీ పానం మీదికి తెచ్చిన..."

పోశవ్వ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"సిగ్గు నాకు లేదా పూలమ్మా? మొగనికి గూడ చెప్పలె. ఆ సిగ్గు సంపుకొని నీ తాన్కి వస్తి. నువ్వు నవ్వితివి."



మర్నాడు పొద్దున ముగ్గురూ హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డారు. పక్క క్వార్టర్ షహజాదీ బేగం ఎదురుపడి, సంచులు చూసి, పెండ్లికా అని అడిగింది. అవునన్న మాట పూలమ్మ నాలుక మీదికి వచ్చి ఆగింది. ఆడపడుచు వైపు చూసింది.

"చెప్పు," అంది పోశవ్వ.

"దవాఖానకు. మా వదినెకు రొమ్ముల క్యాన్సర్. నా బిడ్డ గా రోగం మీదనే పనిచేస్తది, బ్యాంకుల గాదు. నేను దాసిపెట్టంగ ఏడాది పోయింది."

షహజాదీ బేగం ఏదో అడుగుతోంది. పూలమ్మ తల ఎత్తలేకపోయింది. బస్సు వచ్చింది. పోశవ్వ ముందెక్కి కిటికీ దగ్గరికి జరిగి, పక్క సీటు మీద చెయ్యి పెట్టి ఉంచింది. శ్రీలేఖ కూర్చోబోతే వద్దంది.

"మీ అమ్మను రానియ్యి."