రక్తం మీద నూనె

"మొగుడు పోయి ఒక్క రోజు కాలేదు, తమ్ముణ్ణి కూడా పట్టుకుపోయారండీ!" అంటూ ఆమె గడపలోనే కూలబడింది. ముంజేతుల మీద ఇంకా ఎండిన రక్తం ఉంది.

కండక్టరు మంచినీళ్లు అందించాడు. పాతికేళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి, ఇప్పుడు డిటెక్టివ్ మేడమ్ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. ఆవిడ ఏం చేసినా అతనికి అద్భుతమే.

ఆమె భర్త నైట్రో కార్లు బాగుచేసే మేస్త్రి. అవి ఇంధనం పోసి నడిపే చిన్న పందెం కార్లు, ఇంజన్ పిడికిలంతే. నిన్న మధ్యాహ్నం ఎవరో పెద్ద పానాతో ఆయన తల పగలగొట్టారు. శవాన్ని ఒళ్లో పెట్టుకుని ఆమె తమ్ముడు పోలీసులకి దొరికాడు.

"తమ్ముడికీ ఆయనకీ గొడవలున్నాయా?" అంది మేడమ్.

"పోయిన వారం పందెంలో మా ఆయన కారు అదుపు తప్పి వాడి కాలు చితగ్గొట్టిందండీ. నీ చేతకానితనం వల్లే బావా అని నిన్న పొద్దున నానా మాటలూ అన్నాడు. కానీ మా వాడు చీమకి కూడా హాని చెయ్యడు. వాణ్ణి కాపాడండి!"

వర్క్‌షాపులో గోడ నిండా రక్తం చిమ్మి ఉంది. కండక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. మేడమ్ మాత్రం బల్ల మీది కారు ముందు వంగింది. ఇంజన్ తల మీద రక్తం అట్టకట్టి ఉంది, దాని పైనుంచి నూనె జారింది. ట్యాంకు ఖాళీ. పలక మీద మేస్త్రి సుద్దముక్కతో రాసుకున్నాడు: 'వేడెక్కితే అరుపు. ఇంధనం సూది ఎంత తిప్పినా లాభం లేదు. ఎక్కడో గాలి లాగుతోంది.'

"ఈ ఇంజన్ ఎవరు బిగించారు?"

"మా ఆయన శిష్యుడే. పదేళ్లు ఇక్కడే పనిచేశాడు."

ఫొటోలు తీయించి, ఆ సాయంత్రమే మేడమ్ అందర్నీ అక్కడికి రప్పించింది. ఇన్‌స్పెక్టరు తమ్ముణ్ణి బేడీలతో తెచ్చాడు. వాడు కుంటుతూ వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. శిష్యుడు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"నిన్న మీరు ఇక్కడికి వచ్చారా?" అని మేడమ్ అతన్ని అడిగింది.

"లేదండీ. నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను. అసలీ గుమ్మమే తొక్కలేదు."

మేడమ్ సొరుగులోంచి చిన్న సీసా తీసి తమ్ముడికి చూపించింది. "ఇదేమిటో తెలుసా?"

"తలకి రాసుకునే నూనేనా అండీ?"

కండక్టరుకి అంతటి చోటా నవ్వాగలేదు. మేడమ్ సీసా సొరుగులో పెట్టేసి, ఇంజన్ ఊడదీసి, కన్నాలు మూసి, ఒకదానికి గొట్టం తగిలించి నీళ్లలో ముంచి ఊదింది. ఇంజన్ అడుగునుంచి బుడగలు బుసబుసా వచ్చాయి. గోటితో గీకితే జిగురు పెచ్చు ఊడి, సన్నటి పగులు బయటపడింది.

"ఇందులోంచి గాలి దూరితే ఇంజన్ వేడెక్కి తనంతట తనే రెచ్చిపోతుంది. మేస్త్రి చేతిలో లోపం లేదు." నీళ్లు కారుతున్న ఇంజన్ని బల్ల మీద పడేసింది. "ఇక పదండి."

"అయ్యో, అలా వదిలేస్తారేంటండీ! తుప్పు పట్టిపోదూ!" శిష్యుడు చటుక్కున సొరుగు లాగాడు, ప్లగ్గు తీశాడు, నూనె చుక్కలు వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అప్పుడు గానీ అందరూ తననే చూస్తున్నారని గమనించలేదు.

"నిన్న కూడా ఇలాగే ఆగలేకపోయావు," అంది మేడమ్. "పగులుకి జిగురు పూసి కప్పెట్టావు. మేస్త్రి అది పట్టేస్తాడని భయపడి కొట్టావు. తర్వాత ఇంజన్ ఆపి, ట్యాంకు వంచి, అలవాటు కొద్దీ నూనె వేశావు. అందుకే ఆ నూనె రక్తం మీద ఉంది. ఈ నూనె ఏమిటో కూడా తెలియని బావమరిది ఆ పని చెయ్యలేడు. ఆ నూనె దగ్గర ఆగకపోతే ఇంజన్ తీసుకుని పారిపోయేవాడివే. ఈలోపు పొద్దున అన్న మాటలకి బావకి క్షమాపణ చెప్పుకుందామని బావమరిది వచ్చేసరికి ఉత్త చేతుల్తో జారుకున్నావు."

శిష్యుడు బల్ల మీది ఇంకో పానా అందుకుని మేడమ్ తల మీదికి ఎత్తాడు. కండక్టరు ఆ చెయ్యి పట్టి వెనక్కి విరిచాడు. ఎముక పటుక్కుమంది.

"లోపం నాదని తేలితే అందరి ముందూ నా పరువు తీస్తానన్నాడు!" నేల మీద పొర్లుతూ అరిచాడు శిష్యుడు.

ఇన్‌స్పెక్టరు తమ్ముడి బేడీలు విప్పి శిష్యుడికి వేశాడు. తమ్ముణ్ణి పొదివి పట్టుకునే ఆమె వాడి దగ్గరికి వచ్చింది.

"వాడిన ఇంజన్ని అలా వదిలేసి పోకూడదురా అని నీకు నేర్పింది ఆయనే కదరా," అంది. "మరి ఆయన్ని నెత్తురోడుతుంటే ఎలా వదిలేసి పోయావురా?"