జనరల్ గారి కాలర్ మైకు

“ఈ మధ్యాహ్నం మిస్సిసాగాలో మన రక్షణమంత్రిని చంపబోతున్నారు.”

ఫోన్‌లో చీఫ్ మల్లికార్జున్ మాట వింటూనే ఏజెంట్ ధరణి కాఫీ షాప్ ఏప్రన్ విప్పేసింది. పార్ట్‌టైమ్ చేసుకునే స్టూడెంట్ - కెనడాలో ఆమె వేషం అది. 2022లో అలాంటివాళ్లు వేలమంది. ఎవరూ తేరిపార చూడరు.

“ఎవరు సార్?”

“ఆయుధాల రింగ్. జనరల్ వీరభద్రరావు గారు మంత్రి కాగానే వాళ్ల ఫిరంగి గుళ్ల కాంట్రాక్ట్ రద్దు చేశారు. ఈరోజు తెలుగు స్టూడెంట్స్ మీటింగ్‌లో వాళ్ల పేర్లు బయటపెడతారట.”

“మీటింగ్ క్యాన్సిల్ చేయించండి.”

“అడిగాను. ‘సరిహద్దులో వెన్ను చూపనివాణ్ణి, దళారులకు చూపిస్తానా?’ అన్నారు. హాల్లో స్వీటీ ఉంటుంది. రింగ్‌లో మన మనిషి. కోడ్, ‘401 హైవే మీద మంచు పడుతోందా?’”

హాలు కిక్కిరిసింది. వేర్‌హౌస్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు సేఫ్టీ బూట్లతోనే నిలబడ్డారు. ఎర్ర పట్టుచీరలో యాంకర్ స్వీటీ జనరల్ కోటుకు కాలర్ మైకు, నడుముకు దాని బాక్స్ తగిలించి, నవ్వుతూ వేదిక దిగింది.

“401 హైవే మీద మంచు పడుతోందా?” ధరణి ఆమె పక్కకు చేరి అడిగింది.

“ఎండ కాస్తోంది,” స్వీటీ గుసగుసలాడింది. “బాంబు పార్కింగ్‌లో. తెల్ల వ్యాన్. పరిగెత్తు!”

ధరణి వ్యాన్ తాళం ఊడదీసింది. లోపల మడత కుర్చీలు. అంతే. స్వీటీ తనను కావాలనే బయటికి పంపింది!

వెనక్కి ఉరికింది. వేదిక మీద జనరల్ గొంతు ఖంగుమంటోంది.

“నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు నా గన్నర్ నర్సింహ చనిపోయాడు. చంపింది శత్రువు కాదు, మనం కొన్న నాసిరకం గుండు. ఫిరంగిలోనే పేలింది. జనరల్‌నై ఎన్నిసార్లు రాసినా ఢిల్లీ వినలేదు. అందుకే ఎన్నికల్లో నిలబడ్డా. మంత్రిగా నా మొదటి సంతకం ఆ కాంట్రాక్ట్ రద్దు మీదే! ఆ గుళ్లు అమ్మినవాళ్లు—”

వేదిక ఎక్కగానే ధరణి వాచీ వణికింది. అందులో ఉన్నది ఎక్స్‌ప్లోజివ్ డిటెక్టర్. జనరల్ నడుముకున్న మైకు బాక్స్! అటు తలుపు దగ్గర స్వీటీ బొటనవేలు ఫోన్ మీద.

ధరణి ఒక్క దూకు దూకింది. బాక్స్ పీకి, ఎమర్జెన్సీ డోర్ తన్ని, బయట మంచు కుప్పలోకి విసిరింది.

ఢాం! అద్దాలు భళ్లుమన్నాయి.

పారిపోబోయిన స్వీటీకి నలుగురు అమ్మాయిలు అడ్డం నిలబడ్డారు. “ప్రోగ్రామ్ మధ్యలో ఎక్కడికక్కా?”

జనరల్ కోటు దులుపుకున్నారు. “భయమేసినవాళ్లు వెళ్లిపోవచ్చు.”

ఒక్కరూ కదల్లేదు.

“అయితే వినండి. పరేడ్ గ్రౌండ్‌లో పెరిగిన గొంతు ఇది. దీనికి మైకెందుకు?”

ఒక్కొక్క పేరే చదివారు. హాలు దద్దరిల్లింది.

చాలాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు. “రిపోర్ట్?”

“మంత్రిగారు క్షేమం సార్. పోలీసులొచ్చి స్వీటీని తీసుకెళ్లారు. ఆయన మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు,” ధరణి ఆవలిస్తూ అంది. “దాన్ని ఆపడం కూడా మన డ్యూటీయేనా?”