తలుపు దగ్గర నీలం కోటు

మంగళవారం ఉదయం ఏడింటికే మావిస్ వంటింట్లో నిలబడి బ్రెడ్డు అంచులు కోస్తోంది. లోపల చీజ్ మాత్రమే, వెన్న రాయకూడదు. నాలుగు చదరాలుగా కోయాలి. మూల నుంచి మూలకి కోసి త్రికోణాలు చేస్తే కొడుకు ఎల్లిస్ ముట్టుకోడు. అతనికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆటిజంతో పుట్టాడు, బుద్ధి ఎదుగుదల కూడా తక్కువే. మాట్లాడే మాటలు పాతిక ఉంటాయేమో. బ్రెడ్డు విషయంలో మాత్రం అతని అభిప్రాయాలు చాలా స్పష్టం.

వెనక తలుపు తోసుకుని బ్రయనీ వచ్చింది. ఎల్లిస్ అక్క, అతనికన్నా అయిదేళ్లు పెద్దది, బడిలో వంట చేస్తుంది. ఈరోజుకి సెలవు పెట్టుకుంది.

"ఎన్ని చేస్తున్నావమ్మా? ఆస్పత్రి మొత్తానికి పెడతావా ఏంటి?"

"నీక్కూడా చేశాను. సగం దారిలో ఆకలంటూ నా ప్రాణం తీస్తావు."

"రోజూ రెండొందల మందికి వండి వార్చేదాన్ని. నా ఆకలి సంగతి నాకు తెలియదా?" అంటూనే ఒక చదరం నోట్లో వేసుకుంది. "చుట్టడానికి రేకు కాయితం ఎక్కడుంది?"

కాయితం కోసం సొరుగు లాగితే అడుగున పాత డిసెంబరు క్యాలెండరు కనిపించింది. క్రిస్మస్‌ దాకా రోజుకొక అట్టతలుపు తెరిస్తే లోపల ఒక చాక్లెట్ ఉంటుంది. బ్రయనీ నవ్వింది.

"నేను మూడో తారీఖుకే మొత్తం ఖాళీ చేసేదాన్ని, గుర్తుందా? వాడు మాత్రం ఒక్క తలుపు కూడా ముందు తెరిచేవాడు కాదు."

"వాడికి ఇచ్చినా తీసుకునేవాడు కాదు. రేపటిది రేపే." మావిస్ సొరుగు మూసేసింది.

వాళ్లుండే అక్రింగ్టన్ నుంచి ఆస్పత్రికి రెండున్నర గంటల ప్రయాణం. పన్నెండు వారాలు పరీక్షించి పంపేస్తామని ఎల్లిస్‌ని ఆ మానసిక వైద్యశాలలో చేర్చుకున్నారు. రెండేళ్ల మూడు నెలలైంది. అంతకుముందు ఎల్లిస్ ఇంట్లోనే ఉండేవాడు. పగలు వెళ్లే సంరక్షణ కేంద్రం మూతపడ్డాక అతని రోజులు తలకిందులయ్యాయి. ఒక ఉదయం మెట్లమీద తల్లిని తోశాడు. ఆమె మణికట్టు విరిగింది, పోలీసులు వచ్చారు, అతన్ని ఆస్పత్రిలో ఉంచాలని డాక్టర్లు సంతకాలు పెట్టారు.

ఇప్పుడు మావిస్ ఇంటికి రెండు వీధుల అవతల, కింది అంతస్తులో ఒక ఫ్లాటు సిద్ధంగా ఉంది. చూసుకోవడానికి నలుగురు మనుషులు కుదిరారు. ఈరోజు ఆస్పత్రి సమీక్షలో పంపవచ్చంటే ఎల్లిస్ అక్కడికొస్తాడు. కాదంటే నెలాఖరుకి అది ఇంకొకరికి వెళ్లిపోతుంది.

"పరదాలు ఏ రంగువి కొందాం?" కారు నడుపుతూ బ్రయనీ అడిగింది.

"ముందు వాళ్లని సరే అననియ్యి."

"ఎందుకనరు? నువ్వు మొహం అలా పెట్టకు. వాళ్లు నీ మొహం చూసే కాదంటారు."

మావిస్ కిటికీ వైపు తిరిగింది. తన మొహంలో ఏముందో తనకి తెలుసు. ఏడాదిగా దాన్ని కూతురికి కనిపించకుండా తిప్పుకోవడం అలవాటైంది.

సమీక్ష గదిలో డాక్టర్ ప్రెంటిస్, వాళ్ల ఊరి సోషల్ వర్కర్ గ్రెగ్సన్, వార్డు నర్సు థాండీ ఉన్నారు. డాక్టరు మంచివాడే. కాయితం చూసి మెల్లగా చదివాడు.

"ఆరునెలల్లో ఎల్లిస్‌ని ఇరవై రెండుసార్లు పట్టుకోవాల్సి వచ్చింది. అందులో పందొమ్మిది ఆదివారాలే. అన్నీ సాయంత్రం నాలుగుకీ అయిదుకీ మధ్య, అమ్మగారు వచ్చి వెళ్లాక. ఇంటివాళ్లని చూస్తే కుదుటపడలేకపోతున్నాడని మా అంచనా. ఫ్లాటు మాట కొన్నాళ్లు ఆపుదాం. మీరు రావడం కూడా నెలకొకసారి చేస్తే మంచిది."

"పట్టుకోవడమంటే?" బ్రయనీ అడిగింది.

"ముగ్గురు నలుగురు కలిసి నేలమీద కదలకుండా పట్టి ఉంచుతారు. శాంతించేదాకా."

పందొమ్మిది. మావిస్ లెక్క వేసుకుంది. ఆ సమయానికి తను హైవే మీద ఉంటుంది. రేడియో పెట్టుకుని, ఈ వారానికి అయిపోయిందనుకుంటూ.

"అసలేం చేస్తాడు వాడు? కొడతాడా?" అంది బ్రయనీ.

డాక్టరు కాయితం తిప్పాడు. "కోటు విప్పడానికి నిరాకరణ అని రాసుంది."

"కోటా?"

థాండీ కాస్త ముందుకి జరిగింది. "నీలం కోటండీ, అమ్మగారు కొన్నది. ఆవిడ అటు వెళ్లగానే ఇటు వేసుకుంటాడు. జిప్పు మెడదాకా లాక్కుని వార్డు తలుపు దగ్గర నిలబడతాడు. ఎవర్నీ ఏమీ అనడు పాపం. కానీ టీ బండి రావాలి కదా, అడ్డం తప్పుకోడు. కోటు విప్పమని చెయ్యి వేస్తే అప్పుడు మొదలవుతుంది."

"ఏమైనా అంటాడా?" మావిస్ అడిగింది.

"ఒక్కటే మాట. 'తొందర్లో' అంటాడు. టీ కోసమేమో అనుకుని, అవును బాబూ తొందర్లోనే వస్తుందంటాం."

మావిస్ ఆ మాట గుర్తుపట్టింది. ప్రతి ఆదివారం నాలుగింటికి, ఎల్లిస్‌ని కలిసే గది తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి తను అనే మాట అది. తొందర్లో ఇంటికెళదాం నాన్నా. నూటపది ఆదివారాలు అన్నది. అన్నాక కాళ్లు కదిలేవి. అనకపోతే కదిలేవి కావు.

గ్రెగ్సన్ ఏదో సర్దబోయాడు. "నిరుడు పక్కూరు బ్లాక్‌బర్న్‌లో ఉండటానికి చోటు దొరికినప్పుడు కూడా ఎల్లిస్ ఇంకా సిద్ధంగా లేడనే అమ్మగారు అన్నారు కదా. కాబట్టి..."

బ్రయనీ తల తిప్పి తల్లిని చూసింది. "ఏ చోటు?"

పది నిమిషాలు విరామం తీసుకుందామన్నాడు డాక్టరు.

నడవాలో కాఫీ యంత్రం పక్కన బ్రయనీ చేతులు కట్టుకుని నిలబడింది.

"చెప్పు."

"ఏం చెప్పను? అడిగారు. వద్దన్నాను."

"వద్దన్నావా! ఏడాది కిందటే వాడు బయటపడేవాడు! నేనిక్కడ వాణ్ని విడిపించమని ఉత్తరాలు రాసి రాసి చస్తుంటే, నువ్వు పక్కనే కూర్చుని టీ పోసిచ్చావు. ఒక్క మాట చెప్పావా?"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను. వాణ్ని నేలకేసి నొక్కుతుంటే ఎవరికీ వినపడలేదు, నేను అరిస్తే వినపడుతుందా?"

మావిస్ గోడకి ఆనుకుంది. చెప్పడం కష్టమనుకున్న మాట, తీరా నోరు తెరిస్తే మామూలుగానే వచ్చింది.

"వాణ్ని తీసుకెళ్లిన రోజు నేను నిద్రపోయాను. మణికట్టుకి కట్టుతో, బట్టలు మార్చుకోకుండా. లేచేసరికి తొమ్మిదయింది. ఇరవై ఏడేళ్లలో అలా పడుకున్నది అదే మొదటిసారి. లేవగానే నాకు ఏడుపు రావాలి కదా? రాలేదు. హాయిగా ఉంది. ఆ హాయి పోతుందని భయమేసింది. అందుకే వద్దన్నాను. ఎవరికి చెప్పుకోమంటావు? నీకా?"

బ్రయనీ గొంతు తగ్గించింది, కోపం తగ్గలేదు.

"నిద్ర కావాలంటే తప్పు కాదు. మరి వాడితో ప్రతి వారం తొందర్లో అని ఎందుకన్నావు?"

"ఊరికే వచ్చేయలేక."

"అంటే నీకోసం అన్నావు. వాడు నిజమనుకున్నాడు. రేపటి తలుపు ఈరోజు తెరవనివాడితో తొందర్లో అంటే ఏమర్థమవుతుంది? ఇప్పుడే అనుకుంటాడు. కోటేసుకుంటాడు."

అదే. కొడుకు మనసు తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని మావిస్ డాక్టర్లందరికీ చెప్పింది. బ్రెడ్డు ఎలా కోయాలో ఒక పేజీ నిండా రాసిచ్చింది. ఆ తెలిసినదాన్నంతా గది తలుపు దగ్గర ప్రతి ఆదివారం పక్కన పెట్టేసింది. తెలియక చేసింది కాదు. తెలిసింది అక్కర్లేకపోయింది, అంతే.

ఆమె లోపలికెళ్లి కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడింది.

"వాడికి మమ్మల్ని చూస్తే వచ్చే బాధ కాదది. ఇంటికి తీసుకెళ్తానని నేనే చెప్తున్నాను. ప్రతి వారం. చెప్పి వెళ్లిపోతున్నాను. వాడు తయారై నిలబడుతున్నాడు. మీరు రాసుకోండి. నిరాకరణ అన్నచోట అది రాయండి. నిరుడు వద్దన్నది కూడా వాడి గురించి కాదు, నా గురించి."

డాక్టరు కలం మూత తీశాడు, కానీ వెంటనే రాయలేదు. కాయితంలోని పందొమ్మిది తేదీలనీ మళ్లీ మొదట్నుంచీ చూశాడు.

"మేం అడిగి ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"ఎప్పుడు పంపిస్తారు?"

"అన్నీ అనుకూలిస్తే, త్వరలోనే..."

"ఆ మాట వద్దండీ. తారీఖు చెప్పండి."

గ్రెగ్సన్ డైరీ తిరగేశాడు. కొత్త మనుషులు ముందుగా ఇక్కడికొచ్చి అలవాటవ్వాలి, ఫ్లాటులో కిటికీ అద్దాలు మార్చాలి. డాక్టరూ అతనూ చాలాసేపు మాట్లాడుకున్నారు. జూన్ పదిహేడు అన్నారు. మావిస్ రాసివ్వమంది. తటపటాయించి రాసిచ్చారు. ఆమె వేళ్లమీద లెక్కపెట్టింది. ముప్పై ఆరు రోజులు.

మూడింటికి కలిసే గదిలోకి ఎల్లిస్ వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి, చేతిమీద పాత గాయపు గీతలు. నాలుగు చదరాలనీ వరసగా తిన్నాడు. ఐదోది అక్కకి జరిపాడు.

"అబ్బో, దొరగారికి దయ కలిగింది," అంది బ్రయనీ. ఎల్లిస్ ఆమె భుజానికి ఒకసారి నుదురు తాకించాడు.

మావిస్ తారీఖు రాసిచ్చిన కాయితం వెనక్కి తిప్పి గడులు గీసింది. ఆరు వరసలు, వరసకి ఆరు. ప్రతి గడిలో తలుపులాగా ఒక చిన్న పిడి. చివరి దాంట్లో ఇల్లు గీసింది. ఆమెకి బొమ్మలు రావు, ఇల్లు అగ్గిపెట్టెలా వచ్చింది.

"ఎల్లిస్. ఈరోజు ఇల్లు లేదు."

ఇన్నాళ్లలో అతనితో అనని మాట. అతను కళ్లు ఎత్తకుండా కాయితాన్నే చూశాడు.

"ఈరోజు కాదు. ఇక్కడ." చివరి గడి మీద వేలు పెట్టింది. "రోజుకొక తలుపు. థాండీ నీకు పెన్ను ఇస్తుంది. ఈరోజుది ఇది."

పెన్ను అతని చేతికిచ్చింది. ఎల్లిస్ చాలాసేపు కదలలేదు. తర్వాత మొదటి గడిలో అడ్డంగా ఒక గీత పెట్టాడు. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. వెనక్కి తీసుకున్నాడు.

నాలుగైంది. మావిస్ లేచింది. తలుపు మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగింది.

"ఆదివారం వస్తాను. ఐదు తలుపుల తర్వాత." అంతే అని బయటికొచ్చింది.

కారు వైపు వెళ్లలేదు. వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. బ్రయనీ తాళాలు ఆడించింది.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం."

"అయిదు దాకా ఉంటాను."

కూతురు తాళాలు జేబులో వేసుకుని పక్క కుర్చీలో కూర్చుంది. నర్సుల నడుముకి ఉండే అలారం మోగితే ఈ నడవా అంతా వినపడుతుందని థాండీ చెప్పింది. నాలుగున్నరైంది. మావిస్ నిశ్శబ్దాన్ని వింటోంది. అయిదుకి ఐదు నిమిషాల ముందు టీ బండి చక్రాలు కిచకిచమంటూ వచ్చాయి. తలుపు తెరుచుకుంది, బండి లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది.

కాసేపటికి థాండీ బయటికి తల పెట్టింది.

"కోటేసుకున్నాడండీ. తలుపు దాకా వచ్చాడు. ఆ కాయితం చూసుకున్నాడు. మళ్లీ విప్పి కొక్కేనికి తగిలించాడు. తనే."

మావిస్ తల ఊపింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని, రెండేళ్ల మూడు నెలల కిందట లేవగానే రావాల్సిన ఏడుపు ఏడ్చింది. బ్రయనీ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెయ్యిలో కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. అయినా తీసెయ్యలేదు.

"పరదాలు నీలం రంగువి కొందాం," అంది మావిస్ కాసేపయ్యాక.