లోపలికి తిరిగిన కుక్కలు

మారెన్‌కి పొద్దున్న లేవగానే కాఫీ కంటే ముందు కుక్కల్ని చూసుకోవడం అలవాటు. ప్రాణమున్నవి కావు, పింగాణీ కుక్కలు. తెల్లటి ఒళ్లు, ఇటుకరంగు చెవులు, మెడలో బంగారు గొలుసు, దానికి బుల్లి తాళంకప్ప. పూర్వం నావికులు ఇంగ్లండు రేవుల నుంచి పెళ్లాలకి కొనితెచ్చినవి. ఆ ఇంట్లో అటో కుక్క ఇటో కుక్క లేని కిటికీ లేదు. ఫానో ద్వీపంలో ఏ కెప్టెన్ పోయినా, ఆయన సామాను వేలం వేస్తుంటే మారెన్ ముందు వరసలో ఉండేది. బొమ్మని చేతిలోకి తీసుకుని అడుగు తిప్పి చూసేది. కొత్తగా పోతపోసిన నకిలీకి అడుగున పెద్ద కన్నం ఉంటుంది, అసలు పాతదానికి సూదిబెజ్జమంతే. ఈ విషయంలో ఆవిణ్ణి మోసం చెయ్యగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆ ఊళ్లో వాటిని ఊరికే అందానికి పెట్టుకోరు. ఇంటి మగాడు ఓడమీద ఉన్నన్నాళ్లూ కిటికీలో కుక్కలు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాయి. మనిషి తిరిగొచ్చిన రోజు ఇల్లాలు వాటిని లోపలికి తిప్పుతుంది. దారిన పోయేవాళ్లు కిటికీ చూసే సంగతి తెలుసుకుంటారు.

ముందు గదిలో ఉన్న పెద్ద జత మారెన్ భర్త థోగర్ తెచ్చినది. ఆయన ఎక్కిన ఓడ తిరిగి రాలేదు, మనిషీ దొరకలేదు. అప్పటికి కొడుకు ఆంకర్ ఇంకా బళ్లో చదువుతున్నాడు. ఆ కుక్కలు ఆనాటి నుంచీ బయటికే చూస్తున్నాయి. లోపల కూర్చున్న మారెన్‌కి రంగు వెయ్యని వాటి తెల్లటి వీపులే కనిపించేవి. తుడిచినా వెనక నుంచే తుడిచేది. వాటి మీద ఇంకొకళ్ల చెయ్యి పడనిచ్చేది కాదు, కోడలు సిసెల్‌ది అసలే పడనిచ్చేది కాదు. సిసెల్ ద్వీపం పిల్ల కాదు, ఆవల గట్టున పాడి పశువుల ఇంట్లో పుట్టింది. ఆవుల సంగతి తెలుస్తుందేమో గాని కుక్కల సంగతి దానికేం తెలుసని మారెన్ అభిప్రాయం.

ఆ రోజు పొద్దున్న మారెన్ పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ తలెత్తింది. తూర్పు గది కిటికీలో రెండు తెల్లటి వీపులు కనిపించాయి. అది కొడుకూ కోడలి గది. ఆంకర్ ఓడమీదున్నాడు, వాడు రావడానికి ఇంకా వారాలుంది. అలాంటప్పుడు కుక్కలు లోపలికి ఎందుకు తిరిగాయి?

మొదట వచ్చిన అనుమానం, ఎవరో అసలు జత ఎత్తుకుపోయి నకిలీది పెట్టారని. గబగబా వెళ్లి అడుగు చూసింది. సూదిబెజ్జం అలాగే ఉంది. అసలువే. అంటే ఎవరో కావాలనే తిప్పారు. ఆవిడ వాటిని మళ్లీ సముద్రం వైపు తిప్పి, వంటింట్లోకి వచ్చింది.

"ఏమే, మీ గదిలో కుక్కల్ని కదిపావా?"

సిసెల్ రొట్టె కోస్తున్నది కోస్తూనే ఉంది. "దుమ్ము దులిపాను అత్తయ్యా. అప్పుడు తిరిగాయేమో."

"కాళ్లున్నాయా తిరగడానికి?"

కోడలు నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వే పిల్లే.

మర్నాడు పొద్దున్న చూస్తే కుక్కలు మళ్లీ లోపలికి తిరిగున్నాయి. మారెన్ చూసిందంటే ఊరు కూడా చూసినట్టే. అనుకున్నంతా అయింది, పక్కింటి డోర్తే కంచె మీద మోచేతులు ఆన్చి పలకరించింది.

"ఏమ్మా మారెన్, ఆంకర్ వచ్చాడా? చెప్పనైనా చెప్పలేదు!"

"రాలేదు."

"మరి కుక్కలు ఇంట్లోకి చూస్తున్నాయే? అంటే ఇంట్లో మగాడున్నట్టేగా." డోర్తే గొంతు తగ్గించింది. "మనవాడు కాకపోతే మరి ఎవడో!"

"నీ కళ్లకి వేరే పనేం లేదా?" అని కసిరి లోపలికొచ్చేసింది గాని, ఆ మాట ముల్లులా దిగబడింది.

ఇక ఆ రోజు నుంచి మారెన్ కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. అనుమానం ఒకసారి ఇంట్లో కాలు పెట్టిందంటే చూసిన ప్రతిదీ సాక్ష్యమే. సిసెల్ ఫోన్ మోగితే పెరట్లోకి పోతోంది. ఇద్దరు తినే ఇంట్లో బాండీ నిండా మాంసం ఉండలు వేయిస్తోంది, మధ్యాహ్నానికి సగం మాయం. గురువారం గురువారం పెద్ద సంచీతో పడవెక్కి ఆవల ఎస్బ్యెర్ పట్నానికి పోతోంది. పంటి వైద్యుడి దగ్గరికట. ఎన్ని పళ్లున్నాయో దీనికి!

కొడుకు ఫోన్ చేసినప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "నువ్వు బాగున్నావా నాన్నా?" అని మాత్రం అడిగింది. "బాగున్నానమ్మా, గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు వాడు. వెనక ఎక్కడో గంట మోగింది. ఓడ గంట కాబోలు అనుకుంది. నడిసముద్రంలో ఉన్నవాడికి ఇంత విషం ఎలా చెప్పడం? చెయ్యి జారితే, కాలు జారితే? తండ్రిని మింగిన నీళ్లే కదా అవి. ఏదైనా తనే తేల్చాలి.

బుధవారం సాయంత్రం బీరువాలో చూస్తే ఆంకర్ నీలం స్వెటర్ లేదు. తను ఒక చలికాలమంతా కూర్చుని అల్లిన స్వెటర్ అది. ఇక ఆగలేకపోయింది.

"స్వెటర్ ఏదీ?"

"ఉతకడానికి తీశాను."

"తాడు మీద లేదు. బకెట్లో లేదు. ఎవడికిచ్చావ్?"

సిసెల్ మొహం తెల్లబోయింది. "అత్తయ్యా, దయచేసి అడక్కండి. నేను మాటిచ్చాను."

"మాటిచ్చావా! ఎవడికే ఆ మాట? నా కొడుకు అక్కడ అలల్లో కొట్టుకుంటుంటే నువ్విక్కడ కుక్కల్ని తిప్పుకుంటూ, మాంసం ఉండలు మోసుకుంటూ... ఊరంతా నవ్వుతోంది. మీ ఊళ్లో ఆవులకి తాళ్లు కడతారు గాని ఆడవాళ్లకి సిగ్గు నేర్పరా?"

ఆ మాట అన్నాక మారెన్‌కే నాలుక మండింది. సిసెల్ కళ్లు నీళ్లతో నిండాయి. ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, తన గదిలోకి వెళ్లిపోయింది. వెళ్లి చేసిన మొదటి పని, అత్తగారు అంతకుముందే బయటికి తిప్పొచ్చిన కుక్కల్ని మళ్లీ లోపలికి తిప్పడం. పింగాణీ చెక్కకి తగిలిన చప్పుడు మారెన్‌కి వినిపించింది.

'రేపు వాణ్ణి కళ్లారా చూసి, దీన్ని అటునుంచి అటే పుట్టింటికి పంపేస్తాను' అని నిశ్చయించుకుంది.

గురువారం కోడలి వెనకాలే మారెన్ కూడా పడవెక్కింది. తలకి గుడ్డ చుట్టుకుని, పేపరు అడ్డం పెట్టుకుని మూల బెంచీ మీద కూర్చుంది. పేపరు దేనికో ఆవిడకే తెలియాలి. టికెట్లు చూసేవాడు "ఏం మారెన్ గారూ, మోకాళ్లెలా ఉన్నాయి?" అని కేకేసి పలకరించాడు. అదృష్టం కొద్దీ సిసెల్ బయట రెయిలింగు దగ్గర నిలబడి ఉంది.

రేవు దగ్గర చేపల గిడ్డంగుల వెంట సిసెల్ నడిచింది. చర్చి గంట మోగింది. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూనే మారెన్ గొడుగు ఊతంగా వెనకే నడిచింది. ఒక గిడ్డంగి పక్కన, చెక్కపెట్టెల మీద ఒక మగాడు ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. సిసెల్ అతని పక్కన కూర్చుని డబ్బా తెరిచింది. అతను ఆమె భుజం మీద తల వాల్చాడు. ఒంటి మీద నీలం స్వెటర్ ఉంది.

మారెన్‌కి ఒళ్లు తెలియలేదు. "నా కొడుకు స్వెటర్ తొడుక్కుని, నా ఇంటి తిండి తింటూ... లేవరా దొంగవెధవా!" అని గొడుగెత్తి వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ మగాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"అమ్మా!"

ఆంకర్. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు. మారెన్ చేతిలో గొడుగు కిందపడింది.

"నువ్వు... ఓడ మీద కదరా?"

"ఓడ లేదమ్మా." వాడు పెట్టె మీదే కూలబడ్డాడు. "తల తిరుగుతోంది. ఉన్నట్టుండి ప్రపంచమంతా గిర్రున తిరుగుతుంది, పట్టుకోడానికేం దొరకదు. చెవిలో జబ్బట. ఓడ పనికి పనికొస్తానని డాక్టరు సంతకం పెట్టలేదు. ఇంక ఎప్పటికీ పెట్టడు. ఇక్కడ పెట్టెలు సర్దే పనిలో చేరాను. స్నేహితుడి గదిలో పడుకుంటున్నాను."

"ఇంటికి రాకుండా?"

"ఎలా రమ్మంటావమ్మా? 'మీ నాన్న తర్వాత సముద్రానికి నువ్వే' అంటూ పెంచావు. ఆ ముందు గది గుమ్మంలో అడుగు పెట్టాలంటే నాన్న కుక్కలు కనిపిస్తాయి. నా మొహం ఎలా చూపించను? ఓడ నుంచి సెలవుకి రావాల్సిన తేదీ దాకా ఎలాగో నెట్టుకొచ్చి, అప్పుడు చెబుదామని దీనిచేత ఒట్టు వేయించుకున్నాను."

మారెన్ కోడలి వైపు తిరిగింది. "ఇన్ని మాటలన్నానే, ఒక్కటైనా చెప్పావు కాదే! పైగా ఆ కుక్కల్ని తిప్పడమెందుకు? తిప్పకపోతే నాకు అనుమానమే రాదు కదా?"

సిసెల్ చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "తెలుసు అత్తయ్యా. కానీ ఆయన ఒడ్డున ఉన్నారు కదా. ఒడ్డునున్న మనిషి కోసం అవి సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే కీడని మీరే చెప్పారు, నా పెళ్లైన కొత్తలో. మీతో అబద్ధమాడాను, నా తప్పే. వాటిచేత కూడా ఆడించలేకపోయాను."

కుక్కల సంగతి దీనికేం తెలుసని మారెన్ అనుకుంది గాని, ఆ పిల్ల వాటి మాట నిలబెట్టడానికి నిందలు కూడా మోసింది. ఆవిడ వంగి గొడుగు తీసుకోబోయి, తీసుకోకుండా కోడలి తల తన పొట్టకి హత్తుకుంది. "నిన్న అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నానే తల్లీ" అంది. తర్వాత కొడుకు వీపు మీద, దెబ్బ తగిలిన చోట నెమ్మదిగా రాసింది.

"నొప్పెట్టిందా?"

"బాగానే ఇచ్చావు" అన్నాడు ఆంకర్. ముగ్గురికీ ఏడుపులోంచే నవ్వొచ్చింది.

"లేవరా, ఇంటికి పోదాం. తల తిరిగితే పట్టుకోడానికి ఇద్దరం ఉన్నాం."

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఆంకర్ ముందు గది గుమ్మంలో ఆగిపోయాడు. మారెన్ వాణ్ణి దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. థోగర్ తెచ్చిన పెద్ద కుక్క మీద చెయ్యి వేసింది. తర్వాత పక్కకి జరిగింది.

"సిసెల్, ఇలా రా. నువ్వు తిప్పు."

"నేనా?"

"నువ్వే. నీకే చేతనవుతుంది."

సిసెల్ ఒక్కొక్కదాన్నే ఎత్తి లోపలికి తిప్పింది. ఇన్నేళ్ల తర్వాత మారెన్ వాటి మొహాలు చూసింది. ఎండకి ఇటుకరంగు చెవులు వెలిసి గులాబీ రంగుకి వచ్చాయి, నల్లటి ముక్కులు బూడిద రంగయ్యాయి, ఒకదాని మీసాలు పూర్తిగా చెరిగిపోయాయి. "ఎంత ముసలివాళ్లైపోయారురా" అంటూ ఆవిడ వాటి మెడలు పట్టుకుని, కొడుకు ముందూ కోడలి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. థోగర్ పోయిన కబురు వచ్చినప్పుడు కూడా అలా ఏడవలేదు.

బయట డోర్తే దారిన పోతూ పోతూ ఆగిపోయింది. ఇన్నేళ్లూ కుక్కల మొహాలే కనిపించిన కిటికీ అది, దాన్నిండా ఈరోజు తెల్లటి వీపులు. అద్దం మీద వేలితో తట్టింది.

"మారెన్! ఏమిటే ఇది? ఎవరొచ్చారు?"

మారెన్ కళ్లు తుడుచుకుని కిటికీ తలుపు కొంచెం తెరిచింది.

"తండ్రీ కొడుకూ ఇద్దరూ వచ్చేశారు" అంది.